మయోస్టాటిన్ జన్యువు లేని చిట్టెలుక: కండ పెరిగింది సరే, మిగతా ఒంటికి ఏమయింది?

ఒకే ఒక్క జన్యువును పనిచేయకుండా చేస్తే ప్రయోగశాల చిట్టెలుక కండలు రెండు మూడు రెట్లు పెరిగాయని చదివానని మీరు రాశారు. ఒక్క జన్యువు అంత పని ఎలా చేస్తుంది, మిగతా శరీరానికి ఏమవుతుంది, అదే పని మనుషుల్లో చేస్తే కండరాల క్షీణత వ్యాధి నయమవుతుందా అని మూడు ప్రశ్నలు అడిగారు. చిట్టెలుకల కాలనీలు పెంచడంలోను, వాటి కండరాలను పరీక్షించడంలోను చాలా ఏళ్ళు గడిపినవాడిగా ఈ మూడింటికీ కొంచెం వివరంగానే జవాబు రాస్తాను. ఎందుకంటే మొదటి ప్రశ్నకు వార్తల్లో దొరికే జవాబు సగమే నిజం, ఆ మిగిలిన సగం తెలియకుండా మూడో ప్రశ్నకు జవాబు అర్థం కాదు.

మీరు చదివినది మయోస్టాటిన్ అనే ప్రొటీన్ గురించి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో సే-జిన్ లీ ప్రయోగశాలలో అలెగ్జాండ్రా మెక్‌ఫెరాన్, ఆన్ లాలర్ కలిసి ఈ జన్యువును తొలగించిన చిట్టెలుకలను తయారుచేసి, 1997లో ఫలితాలను ప్రచురించారు. అప్పటికి ఆ ప్రొటీన్ పేరు జీడీఎఫ్-8 మాత్రమే, అది ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. అది కండరాల్లోనే ఎక్కువగా తయారవుతోందని మాత్రం గమనించారు. తెలియని ప్రొటీన్ పని తెలుసుకోవడానికి అప్పట్లో ఉన్న గట్టి మార్గం, అది లేకుండా ఒక జంతువును పెంచి చూడడమే.

అది ఎలా చేస్తారో చెబుతాను, ఎందుకంటే ఆ పద్ధతిలోని ప్రతి మెట్టూ తరువాత కనిపించే ఫలితాన్ని ప్రభావితం చేస్తుంది. ముందు చిట్టెలుక పిండ మూలకణాలను గాజు పాత్రలో పెంచి, వాటిలో మనం ఎంచుకున్న జన్యువు ఉన్న చోట దాని కీలక భాగం తీసేసిన డీఎన్ఏ ముక్కను దూరుస్తారు. లక్షల కణాలలో ఏ కొన్నింటిలోనో ఆ ముక్క సరిగ్గా తన చోటునే వెతుక్కుని అసలు జన్యువు స్థానంలో కూర్చుంటుంది. ఆ కణాలను ఏరి, నల్లని జాతి చిట్టెలుక పిండంలోకి సన్నని సూదితో ఎక్కిస్తారు. మూలకణాలు గోధుమ రంగు బొచ్చు ఉన్న జాతివైతే, పుట్టిన పిల్ల ఒంటిమీద నలుపు, గోధుమ రంగులు మచ్చలుగా కలిసి ఉంటాయి. ఆ పిల్ల పెద్దదై, నల్లని జోడుతో కలిసి పూర్తి గోధుమ రంగు పిల్లను కంటే, మార్చిన కణాలు దాని బీజకణాల దాకా చేరాయని అర్థం. ఈ పద్ధతికి పునాది వేసిన మారియో కాపెక్కీ, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకు 2007లో నోబెల్ బహుమతి వచ్చింది. 2013 నుంచి డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో అదే పనిని నేరుగా ఫలదీకరణ చెందిన అండంలోనే చేస్తున్నారు, ఏడాది పట్టేది కొన్ని వారాల్లో అయిపోతోంది.

ఆ తరువాతిది మనం కళాశాలలో చదువుకున్న మెండెల్ పాఠమే. ఏ జన్యువైనా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులుగా వస్తుంది. వాటిలో ఒక్కటి మాత్రమే పోయిన ఆడ, మగ చిట్టెలుకలను జతకడితే, ఒక ఈతలో సగటున పావు వంతు పిల్లలకు రెండు ప్రతులూ ఉంటాయి, సగం పిల్లలకు ఒకటి ఉంటుంది, పావు వంతుకు ఏదీ ఉండదు. ఏది ఏదో పుట్టగానే చూసి చెప్పలేము. సుమారు 21 రోజులకు పాలు మాన్పించేటప్పుడు చెవి అంచున చిన్న రంధ్రం చేసి, ఆ తునక నుంచి డీఎన్ఏ తీసి, పీసీఆర్ పద్ధతితో మనకు కావలసిన ముక్కకు లక్షల నకళ్ళు తీసి, ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద నడిపిస్తారు. మామూలు ప్రతికి ఒక ఎత్తులో గీత, తెగిన ప్రతికి మరో ఎత్తులో గీత, రెండూ కలిసి ఉన్న పిల్లకు రెండు గీతలు. ఈ గీతలు చదివే రోజునే మొదటి ఫలితం తెలిసిపోతుంది. వంద పిల్లల్లో పాతికకు దగ్గరగా రెండు ప్రతులూ లేనివి కనిపించాలి. ఒక్కటీ లేకపోతే అవి కడుపులోనే చనిపోయాయని అర్థం. ఇది అరుదైన సంగతి కాదు. జన్యువులను ఒక్కొక్కటిగా తొలగించి చూసే అంతర్జాతీయ చిట్టెలుకల కన్సార్టియం 2016లో 1,751 జన్యువుల ఫలితాలు వెల్లడించినప్పుడు, వాటిలో 410 లేనిదే పిల్ల బతికి బయటపడదని తేలింది.

మయోస్టాటిన్ లేని పిల్లలు మాత్రం లెక్కప్రకారం పుట్టాయి, పెరిగాయి, పిల్లలనూ కన్నాయి. పెద్దయ్యాక ఒళ్ళు తోబుట్టువుల కంటే సుమారు 30 శాతం పెద్దది, భుజాలూ తుంటీ వెడల్పుగా ఉబ్బి కనిపిస్తాయి. చర్మం తొలగించినప్పుడే అసలు తేడా తెలుస్తుంది. మామూలు చిట్టెలుక తొడ దగ్గర కండరాల మధ్య సందులు స్పష్టంగా ఉంటాయి, పిక్క కండరాన్ని విడదీసి తూకం యంత్రం మీద పెడితే దాదాపు 150 మిల్లీగ్రాములు తూగుతుంది. మయోస్టాటిన్ లేని దానిలో ఆ సందులు పూడిపోయినట్టు ఉంటాయి, అదే కండరం దానికి రెండింతలకు పైగా బరువు తూగుతుంది. అడ్డంగా కోసి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే పెరుగుదల రెండు దారుల్లో వచ్చిందని తెలుస్తుంది. ఒకటి, కండర తంతువుల సంఖ్యే పెరిగింది. వెనుక కాలిలో మోకాలి కింద ముందువైపు ఉండే కండరంలో అది 86 శాతం ఎక్కువ ఉందని 1997 నాటి ప్రచురణలోనే ఉంది. రెండోది, ఒక్కో తంతువూ లావెక్కింది. ఈ రెండింటినీ విడివిడిగా గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వీటి దగ్గరకే వస్తాము.

ఒక్క జన్యువుకు ఇంత బలం ఎక్కడిది అన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మయోస్టాటిన్ కండను కట్టే ప్రొటీన్ కాదు, కండ పెరగకుండా పట్టి ఉంచే కళ్ళెం. కండరమే దాన్ని తయారుచేసి బయటకు వదులుతుంది, అది తిరిగి ఆ కండర కణాల పైనున్న గ్రాహకాలకే అతుక్కుని ‘ఇక చాలు’ అన్న సంకేతాన్ని లోపలికి పంపుతుంది. ఇటుకల్లో ఒక రకం తీసేస్తే గోడ కూలుతుంది గాని పెరగదు. కళ్ళెం తీసేస్తే, ఎప్పటి నుంచో ఉన్న పెరుగుదల యంత్రాంగమంతా ఆపేవాళ్ళు లేక సాగిపోతుంది. కాబట్టి ఆ ఒక్క జన్యువు అంత కండను తయారుచేసిందని అనకూడదు, వేల జన్యువులు కలిసి తయారుచేసే కండకు అది హద్దు గీస్తోందని అనాలి. ‘కండ జన్యువు’ అని పత్రికలు రాసినప్పుడు నాకు బాధ కలిగేది ఇందుకే.

ఇది చిట్టెలుకకే పరిమితం కాదని అదే ఏడాది తేలింది. బెల్జియన్ బ్లూ అనే పశుజాతిలో పిరుదులు రెండుగా చీలినట్టు ఉబ్బి ఉంటాయని రైతులకు తరతరాలుగా తెలుసు. వాటిలో మయోస్టాటిన్ జన్యువులో 11 అక్షరాలు రాలిపోయాయని 1997లో వేర్వేరు బృందాలు కనుగొన్నాయి. ఆ దూడలు ఎంత పెద్దవిగా పెరుగుతాయంటే చాలా ఆవులకు కాన్పు సిజేరియన్‌తోనే చేయవలసి వస్తుంది. 2004లో జర్మనీలో పుట్టుకతోనే రెండు ప్రతులూ పనిచేయని ఒక బాలుడి వివరాలు వైద్య పత్రికలో వచ్చాయి. నాలుగున్నరేళ్ళ వయసులో చెరో చేతిలో 3 కిలోల బరువు పట్టుకుని చేతులు బారుగా చాపి నిలబెట్టగలిగాడు. వేగంగా పరిగెత్తే విప్పెట్ జాతి కుక్కల్లో మరీ ఆసక్తికరమైన సంగతి 2007లో తేలింది. ఒక్క ప్రతి పోయిన కుక్కలు పందేల్లో ముందుండేవి, రెండూ పోయినవి ఉబ్బిన కండలతో వేరే రూపంలోకి మారిపోయేవి.

ఇక మీ రెండో ప్రశ్న, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది.

చూడడానికి బలిష్ఠంగా ఉన్న కండ బలమైనదేనా? కాలి వేళ్ళను పైకి లేపే పొడవైన చిన్న కండరాన్ని స్నాయువులతో సహా తీసి, ఆమ్లజని అందే ద్రావణంలో వేలాడదీసి, ఒక కొసను బలం కొలిచే పరికరానికి దారంతో కట్టి, విద్యుత్ స్పందనలు ఇచ్చి చూస్తారు. 2007లో ఒక ఐరోపా బృందం అలా కొలిచింది. మయోస్టాటిన్ లేని చిట్టెలుకలో ఆ కండరం పెద్దదే, కాని గరిష్ఠంగా అది లాగిన బలం మామూలు దానికంటే ఎక్కువ లేదు. పరిమాణంతో భాగించి చూస్తే అంతే కండకు వచ్చే బలం తగ్గిందన్నమాట. కారణం కూడా ఆ కండలోనే కనిపించింది. నిదానంగా, ఎక్కువసేపు పనిచేసే తంతువులు తగ్గి, వేగంగా బిగుసుకుని త్వరగా అలసిపోయే తంతువులు పెరిగాయి, కణాల్లో ఇంధనాన్ని మండించే మైటోకాండ్రియాలు పలచబడ్డాయి. కండ పెరిగిన మేరకు దానికి ఇంధనం మండించే ఏర్పాటు పెరగలేదు.

కండను ఎముకకు కట్టే స్నాయువుల సంగతి 2008లో బయటపడింది. మయోస్టాటిన్ లేని చిట్టెలుకల్లో అవి సన్నగా, కణాలు తక్కువగా, బిగుసుకుపోయి పెళుసుగా ఉన్నాయి. మామూలు స్నాయువు లాగితే కొంత సాగి, తరువాత తెగుతుంది. ఇది సాగకుండానే విరిగే రకం. మయోస్టాటిన్ స్నాయువు కణాలకు వృద్ధి సంకేతంగా పనిచేస్తుందని అప్పుడే అర్థమైంది. ఒకే ప్రొటీన్ కండకు ‘ఆగు’ అని, స్నాయువుకు ‘పెరుగు’ అని చెబుతోంది. కనుక దాన్ని తీసేస్తే కండ పెరిగి, ఆ కండను మోయవలసిన తాడు బలహీనపడింది. నాకు ఈ ఫలితం చదివిన రోజు ఇంకా గుర్తుంది. అప్పటిదాకా మేము పిక్క కండరాన్ని తూచేటప్పుడు దాని కింది స్నాయువును కత్తిరించి పక్కన పారేసేవాళ్ళము.

మంచి వైపు కూడా ఉంది. ఆ చిట్టెలుకల్లో వయసుతో పేరుకునే కొవ్వు చాలా తక్కువ. ఊబకాయానికి దారితీసే వేరే జన్యులోపం ఉన్న జాతులతో కలిపి పెంచినా కొవ్వు పేరుకోవడమూ, చక్కెర అదుపు తప్పడమూ తగ్గాయని 2002లో చూపారు. ఎముకల సాంద్రత కూడా ఎక్కువే. ఎక్కువ భాగం, పెద్ద కండ ఎముకను ఎక్కువ లాగడం వల్లనూ, తిన్న శక్తిలో అధిక వాటాను కండ తీసుకోవడం వల్లనూ వచ్చిన మార్పులు ఇవి అని నా అభిప్రాయం. 2019 డిసెంబరులో ఇటువంటి చిట్టెలుకలను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కూడా పంపారు. 33 రోజులు బరువులేని స్థితిలో ఉన్నప్పుడు మామూలు చిట్టెలుకల కండరాలు 8 నుంచి 18 శాతం దాకా తరిగిపోగా, మయోస్టాటిన్ లేనివి చాలావరకు తమ కండను నిలుపుకున్నాయి.

ఇలా జన్యువును తొలగించి చూసే ‘నాకౌట్’ ప్రయోగాల ఫలితాలు చదివేటప్పుడు గుర్తుంచుకోవలసిన ఇంకో రెండు సంగతులు ఈ సందర్భంలోనే చెప్పాలి. మొదటిది, ఒక జన్యువు పేరునో పోలికనో చూసి దాని ప్రభావాన్ని ఊహించలేము. మయోస్టాటిన్‌కు జీడీఎఫ్-11 అనే దగ్గరి చుట్టం ఉంది. పనిచేసే భాగంలో రెండు ప్రొటీన్లూ దాదాపు 90 శాతం ఒకటే. అదే ప్రయోగశాల 1999లో ఆ రెండోదాన్ని తొలగించినప్పుడు కండలు పెరగలేదు, వెన్నెముక క్రమమే మారిపోయింది. 13 జతలు ఉండవలసిన పక్కటెముకలు 18 దాకా వచ్చాయి, వెనుక కాళ్ళు వెనక్కి జరిగాయి, పిల్లలు పుట్టిన ఒక రోజులోపే చనిపోయాయి. కవలల్లాంటి రెండు ప్రొటీన్లలో ఒకటి పిండం వెన్నును కొలిచి గీతలు గీస్తోంది, మరొకటి కండకు హద్దు పెడుతోంది.

రెండోది, తీసేసింది నిజంగా ఆ ఒక్కటేనా అని అడగాలి. మెదడు జబ్బులకు సంబంధించిన ప్రియాన్ ప్రొటీన్ జన్యువును జ్యూరిక్‌లో 1992లో తొలగిస్తే, ఆ చిట్టెలుకలు ఆరోగ్యంగా పెరిగాయి. నాగసాకిలో అదే జన్యువును తొలగించిన చిట్టెలుకలు వయసు మళ్ళాక నడక తప్పి తూలడం మొదలుపెట్టాయి, వాటి చిన్న మెదడులోని పర్కింజీ కణాలు నశించాయి. జన్యువు ఒకటే, ఫలితాలు రెండు. కొన్నేళ్ళ తరువాత కారణం దొరికింది. నాగసాకి వాళ్ళు తీసేసిన ముక్క కొంచెం పెద్దది కావడంతో, పక్కనే ఉన్న డోపెల్ అనే వేరే జన్యువు మెదడులో అవసరం లేని చోట పనిచేయడం మొదలుపెట్టింది. ఆ కణాలను చంపింది ప్రియాన్ లేకపోవడం కాదు, డోపెల్ ఉండడం. జాతి తేడా కూడా అంతే ప్రభావం చూపుతుంది. చర్మ కణాల వృద్ధికి అవసరమైన ఈజీఎఫ్ గ్రాహకాన్ని తొలగించినప్పుడు ఒక జాతిలో పిండం గర్భాశయానికి అతుక్కునే దశలోనే పోయింది, మరో జాతిలో గర్భం మధ్యలో పోయింది, ఇంకో జాతిలో పుట్టి మూడు వారాల దాకా బతికింది. 1995లో వచ్చిన ఈ ఫలితం చదివాక, ఏ జాతి నేపథ్యంలో చేశారో రాయని నాకౌట్ నివేదికను నేను నమ్మడం మానేశాను. ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువులతో పోల్చారా లేదా అని కూడా ముందే చూస్తాను.

ఇప్పుడు మూడో ప్రశ్న. డుషెన్ అనే రకం కండర క్షీణతకు నమూనాగా వాడే, డిస్ట్రోఫిన్ అనే కండర ప్రొటీన్ లేని చిట్టెలుకల్లో మయోస్టాటిన్‌ను కూడా తీసేస్తే అవి బలంగా, కండలో మచ్చకట్టడం తక్కువగా ఉన్నాయని 2002లో చూపారు. అప్పుడు అందరం ఎంతో ఆశపడ్డాము. కాని 2005లో, లామినిన్ అనే మరో ప్రొటీన్ లోపంతో వచ్చే వేరే రకం క్షీణత ఉన్న చిట్టెలుకల్లో అదే పని చేస్తే జబ్బు తగ్గకపోగా పాలు మానకముందే ఎక్కువ పిల్లలు చనిపోయాయి. ఒంటి వేడి నిలిపే గోధుమ రంగు కొవ్వు తగ్గడం అందుకు కారణమని ఆ బృందం భావించింది. కండ ఎందుకు చెడిపోతోంది అన్నదాన్ని బట్టి కళ్ళెం తీయడం మేలో కీడో తేలుతుంది.

మనుషుల్లో మయోస్టాటిన్‌ను అడ్డుకునే ప్రతిరక్షకం ఒకటి 116 మంది కండర క్షీణత రోగుల మీద పరీక్షించి 2008లో ఫలితాలు వెల్లడించారు. మందు సురక్షితమే అనిపించింది, కాని కండ బలంలో చెప్పుకోదగ్గ మెరుగు లేదు. గ్రాహకాన్నే వలగా మార్చి మయోస్టాటిన్‌ను పట్టే మరో మందు పరీక్షను, పిల్లలకు చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం రావడంతో 2011లో ఆపేశారు. ఆ వల మయోస్టాటిన్‌తో పాటు రక్తనాళాలకు అవసరమైన దాని చుట్టాల్లాంటి ప్రొటీన్లను కూడా పట్టేసింది.

చిట్టెలుకలో అంత బాగా పనిచేసింది మనిషిలో ఎందుకు చేయలేదన్నదానికి ఇప్పుడు కొన్ని కారణాలు తెలుసు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న రెండు దారులు ఇక్కడ అక్కరకొస్తాయి. జన్యువు పిండ దశ నుంచీ లేని చిట్టెలుకలో తంతువుల సంఖ్య కూడా పెరుగుతుంది. ఆ సంఖ్య పుట్టుకకు దగ్గర్లోనే దాదాపు ఖాయమైపోతుంది. పెద్ద చిట్టెలుకకు మందు ఇచ్చి, అప్పటికప్పుడు ఆ జన్యువు తెగేలా ముందే ఏర్పాటు చేసిన రకాలతో 2007లో చూస్తే, మూడు నెలల్లో కండ సుమారు పావు వంతు మాత్రమే పెరిగింది, అది కూడా ఉన్న తంతువులు లావెక్కడం వల్లనే. రోగికి మందు ఇచ్చేది పుట్టిన తరువాతే కదా, కాబట్టి 1997 నాటి చిట్టెలుకతో కాక ఈ 2007 నాటి చిట్టెలుకతో పోల్చి ఆశ పెట్టుకోవడం సబబు. రెండో కారణం, కోతుల మీద చేసిన పనిలో తేలింది. ప్రైమేట్లలో, అంటే కోతులూ మనుషులూ ఉన్న వర్గంలో, కండకు హద్దు పెట్టే బాధ్యతలో పెద్ద వాటా ఆక్టివిన్-ఏ అనే మరో ప్రొటీన్‌ది అని 2017లో చూపారు. చిట్టెలుకలో ఒకే మనిషి పట్టుకున్న కళ్ళెం మనలో ఇద్దరు పట్టుకుని ఉన్నారు, ఒకరు వదిలినా రెండోవారు వదలలేదు. మూడోది, క్షీణించిన కండలో పెరగడానికి తగినంత ఆరోగ్యమైన తంతువులు మిగిలి ఉండవు.

అందువల్ల మీ కుటుంబంలో ఎవరికైనా ఈ వ్యాధి ఉండి ఈ ప్రశ్న అడిగి ఉంటే, మయోస్టాటిన్‌ను అడ్డుకుంటాయని చెప్పి వ్యాయామశాలల్లోను, ఆన్‌లైన్‌లోను అమ్మే పొడులను దయచేసి వాడకండి. ముందు జన్యు పరీక్షతో ఏ రకం క్షీణతో ఖచ్చితంగా తేల్చుకోండి. డుషెన్ అయితే స్టెరాయిడ్ చికిత్స, ఫిజియోథెరపీ, గుండె, శ్వాస పరీక్షలు క్రమం తప్పకుండా జరిగేలా నరాల వైద్యుల పర్యవేక్షణలో ఉండండి. పరీక్ష నివేదికలో ఏ జన్యువులో ఏ మార్పు ఉందో రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని ఇక్కడ రాస్తే, దాని అర్థమేమిటో నాకు చేతనైనంత వివరిస్తాను.